ఈ వారం సమస్య: "చూడకుండ పట్టె చుక్క నొకడు"

మాస్టారు: ఆటవెలది నాలుగో పాదం. విషయం సెరెస్, అంటే మొట్టమొదట దొరికిన గ్రహశకలం (సూర్యుడి చుట్టూ తిరిగే గ్రహం కన్నా చిన్న ముద్ద), లేదంటే ఇంకేదైనా గ్రహశకలం. అరసున్నాలు, సరళాదేశాలు లాంటి వ్యాకరణ పట్టింపులు వదిలేస్తున్నా, యతి తప్పితే మాత్రం ఊరుకోను.

నెల్లూరు అక్క:
సెరెసు పోయె నంచు చింతించు వేళలో
కలము బట్టి గౌసు కక్ష్య గీసె
గొట్టమొకటి లేదు కూర్చున్న గదిలోనె
చూడకుండ పట్టె చుక్క నొకడు

1801 ఫిబ్రవరి తర్వాత సెరెస్ సూర్యుడి వెలుగులో కలిసిపోయింది కదా మాస్టారూ, అప్పటికి దాన్ని కనిపెట్టిన పాద్రి పియాజ్జీ చూసింది 41 రోజుల్లో 24 సార్లే, అదేమో ఒక చుట్టు తిరగడానికి 4.6 ఏళ్ళు తీసుకుంటుంది, అంటే నూటికి మూడు వంతుల దారి కూడా తెలీదు, దాంతోనే 24 ఏళ్ళ లెక్కల కుర్రాడు గౌస్ మొత్తం కక్ష్య లాగేశాడు.

మాస్టారు: "కూర్చున్న గదిలోనె" బావుందమ్మా. గొట్టం అంటే టెలిస్కోప్ అని నాకే వెలగడానికి కాస్త టైం పట్టింది, పొయ్యి ఊదే గొట్టం అనుకున్నా.

బుడ్డోడు: అక్కా, గౌస్ చోటు చెప్పాడంతే. పట్టింది ఖగోళ శాస్త్రవేత్త ఫాన్ జాఖ్, ఆ డిసెంబర్ 31 రాత్రి, అదీ చూసే పట్టాడు.

నెల్లూరు అక్క: దొంగ ఏ ఇంట్లో దాక్కున్నాడో చెప్పినోడు పట్టినట్టా, వెళ్ళి తలుపు తట్టినోడా? నీది పెట్టు ముందు.

బుడ్డోడు:
జట్టు కట్టి వెదుక చదువరుల్ మిన్నెల్ల
పిలుపు రాని పాద్రి పీఠమెక్కి
కొత్త యేటి రాత్రి కోటపై నొరులెల్ల
చూడకుండ పట్టె చుక్క నొకడు

మార్స్‌కి జూపిటర్‌కి మధ్య గ్రహం ఉండాలని ఫాన్ జాఖ్ వాళ్ళు 24 మందితో జట్టు అనుకున్నారు, పియాజ్జీకి ఆ కబురు అందకముందే 1801 జనవరి 1న సిసిలీలోని పలెర్మో రాజభవనం మీది అబ్జర్వేటరీలో దొరికేసింది. ఆయన నక్షత్రాల లిస్టు సరిచూసుకుంటున్నాడంతే! బయటికి మాత్రం తోకచుక్క అనే చెప్పాడు.

మాస్టారు: "ఒరులెల్ల చూడకుండ" అని విరిచావు చూడు, శభాష్ రా. కానీ ఎల్ల, ఎల్ల రెండుసార్లు, గణాల కోసం కుక్కినట్టు తెలిసిపోతోంది. మొదటిది "మిన్నంత" చెయ్యి.

కొత్త సభ్యుడు:
రాత్రి గాజు పలక రవ్వంత గీతను
తనకు తానె గీయ దాని జూచి
మింటివైపు తిరిగి మెడనెత్తకుండనే
చూడకుండ పట్టె చుక్క నొకడు

1891లో ఖగోళ శాస్త్రవేత్త మాక్స్ వుల్ఫ్ అండి. గాజు పలక మీద తీసిన ఫొటోలో దొరికిన మొదటి గ్రహశకలం, బ్రూసియా. నక్షత్రాలు చుక్కల్లా పడితే ఇది కదిలింది కాబట్టి గీతలా పడింది.

నెల్లూరు అక్క: ఐడియా అదిరింది తమ్ముడూ, కానీ రెండో పాదంలో "జూచి" అనేసి నాలుగులో "చూడకుండ" అంటే ఎలా?

మాస్టారు: "తనకు తానె గీసి దాచి పెట్ట" అంటే సరి, త–దా యతి అలాగే ఉంటుంది. మెడ ఎత్తకుండా అన్నది కూడా కొంచెం ఎక్కువే, పలక మీద వెలుగు పడుతున్నంతసేపూ టెలిస్కోప్ నక్షత్రాల వెంట సరిగ్గా పోతోందా లేదా అని కనిపెట్టుకుని ఉండాలి, మెడలు పట్టేసే పని అది.

బుడ్డోడు: మా బావ కూడా పూరించాడు మాస్టారూ, ఆ చుక్క వేరే చుక్క, ఇక్కడ పెట్టను.