బాపు కాంటెస్సాను మజిల్ కారుగా మార్చడం సబబేనా?

ప్రశ్న: సాగర్ రోడ్డు, దేవరకొండ

మా బాపు మిర్యాలగూడలో బియ్యం మిల్లు నడిపిన రోజుల్లో కొన్న 1991 నాటి కాంటెస్సా క్లాసిక్ కారు ఒకటి మా గోదాములో టార్పాలిన్ కింద ఉంది. ఆయన కాలం చేసిన తరువాత దాన్ని ఎవరూ బయటికి తీయలేదు. డిట్రాయిట్ దగ్గర స్థిరపడిన మా బావ మొన్న వచ్చినప్పుడు టార్పాలిన్ ఎత్తి చూసి, ఆ పొడవాటి బోనెట్టూ ఆ వెడల్పూ చూస్తే పాత అమెరికన్ మజిల్ కార్లు గుర్తుకు వస్తున్నాయని, ఇంజన్ మార్పించి, వెడల్పు టైర్లు వేయించి, బోనెట్ మీద నిలువునా రెండు తెల్లటి పట్టీలు కొట్టిస్తే నల్లగొండ జిల్లాలోనే ఇలాంటి బండి మరొకటి ఉండదని పట్టుబడుతున్నాడు. ఖర్చులో సగం తానే పెట్టుకుంటాడట. అమ్మకు మాత్రం ఇది ఇష్టం లేదు.

సాగర్ గేట్లు ఎత్తారని తెలిస్తే చాలు, బాపు మమ్మల్ని ఎక్కించుకొని హాలియా మీదుగా బయలుదేరేవారు. నేను ముందు సీట్లో అమ్మ ఒడిలో కూర్చునేవాణ్ణి. గేరు మార్చినప్పుడల్లా ఆయన వేళ్ల కణుపులు నా మోకాలికి తగిలేవి. ఆ గేరు రాడ్డు, ఆ ఇంజన్ చప్పుడు పోయిన తరువాత మిగిలేది బాపు బండే అవుతుందా అన్నది నా సందేహం. అసలు కాంటెస్సాను మజిల్ కారు అనవచ్చునా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: పాత పానా, జడ్చర్ల

మీ బావగారి చూపును తప్పు పట్టలేము, చాలామంది ఆ బండిని అలాగే పిలుస్తారు. అయితే ఆ పోలిక రేకు వరకే. బ్రిటన్‌కు చెందిన వాక్స్‌హాల్ కంపెనీ 1970ల నాటి మోడల్ ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ ఉత్తరపారాలో 1984 నుంచి దీన్ని తయారు చేసింది. మొదట్లో ఇందులో పెట్టింది అంబాసిడర్‌లో ఉన్న 1.5 లీటర్ల ఇంజనే; సుమారు 50 హార్స్‌పవర్‌తో అంత బరువును లాగడం దానికి గగనమయ్యేది. ఇసుజు 1.8 లీటర్ల ఇంజన్, ఐదు గేర్లు వచ్చిన తరువాతే బండికి ప్రాణం వచ్చింది. మీది 1991 క్లాసిక్ కాబట్టి ఇసుజు ఇంజనే అయ్యుంటుంది, డిక్కీ మీద ఉన్న అక్షరాలు ఒకసారి చూడండి. ఆ ఇంజన్ గట్టిది. దాన్ని పీకి పారేయమని నేనైతే చెప్పను.

ఇంజన్ మార్చాలా వద్దా అన్నది తరువాతి మాట. ఉత్సాహం కొద్దీ బ్యాటరీ తెచ్చి తాళం మాత్రం తిప్పకండి. నాలుగు ప్లగ్గులూ విప్పి, ఒక్కో సిలిండర్ బోరులో కొద్దిగా ఇంజన్ ఆయిల్ పోసి ఒక రాత్రి వదిలేయాలి. మర్నాడు ఇంజన్ ముందున్న పుల్లీకి పానా వేసి చేత్తో మెల్లగా తిప్పితే, పిస్టన్ రింగులు బోరుకు పట్టేశాయో లేదో చేతికే తెలిసిపోతుంది. ట్యాంకులో మిగిలిన పెట్రోలు ఈపాటికి జిగురై ఉంటుంది కాబట్టి ట్యాంకు దింపి కడిగించాలి. ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, అది పాత రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది. పైపులు, కార్బురేటర్ వాషర్లు, పంపు డయాఫ్రమ్ అన్నీ దానికి తట్టుకునేవి వేయించండి. అన్నిటికన్నా ముందు బ్రేకు సిలిండర్లలో రబ్బర్లు మార్పించాలి. పాత బండి స్టార్ట్ కాగానే అందరూ చప్పట్లు కొడతారు గానీ, అది ఎలా ఆగుతుందని ఒక్కరూ అడగరు.

జవాబు: మూసీ ఒడ్డు (సూర్యాపేట, ప్రస్తుతం మిషిగన్)

అసలు మజిల్ కారు అంటే ఏమిటో చెబితే మీ సందేహం కొంత తీరుతుందనుకుంటాను. మధ్యరకం బండిలో పెద్ద బండి ఇంజన్ పెట్టి, కుర్రవాళ్లు కొనగలిగే ధరకు అమ్మడమే అందులోని కిటుకు. మధ్యరకం బండ్లలో 330 ఘనపుటంగుళాలకు మించిన ఇంజన్ పెట్టకూడదని జనరల్ మోటార్స్ నియమం పెట్టుకుంటే, దాని కిందనే ఉన్న పాంటియాక్ ఇంజనీర్లు 1964లో తమ టెంపెస్ట్ లెమాన్స్‌కు జీటీఓ అనే ఐచ్ఛిక హంగును జోడించి, ఆ చాటున 389 ఘనపుటంగుళాల (సుమారు 6.4 లీటర్ల) ఇంజన్ పెట్టి నియమాన్ని తప్పించుకున్నారు. అది 325 హార్స్‌పవర్ ఇంజన్. కాంటెస్సా తొలి ఇంజన్ పక్కన పెట్టి చూస్తే, పోలిక ఎక్కడ ఆగిపోతుందో మీకే అర్థమవుతుంది.

ఆ వైభవం పట్టుమని పదేళ్లు కూడా నిలవలేదు. 1970 నాటి గాలి కాలుష్య చట్టం, కుర్రవాళ్ల మీద బీమా కంపెనీలు పెంచిన ప్రీమియం, 1973లో అరబ్ దేశాలు విధించిన చమురు నిషేధం ఒకదాని వెంట ఒకటి వచ్చిపడ్డాయి. ఫోర్డ్ వారి మస్టాంగ్ కారు 1974 మోడల్‌ను మజిల్ కార్లకు ఆయువుపట్టయిన ఎనిమిది సిలిండర్ల ఇంజన్ లేకుండానే అమ్మారు. ఇప్పటి బెంగ అంతా ఆ కొద్ది కాలం మీదే.

ఇక్కడ 1995 నుంచి ఏటా ఆగస్టులో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది. పాత ఎనిమిది సిలిండర్ల బండి నిలబడి ఉండగా యాక్సిలరేటర్ ఒక్కసారి తొక్కితే బండి మొత్తం ఒక పక్కకు ఒరిగి మళ్లీ సర్దుకుంటుంది. అది చూసినవారికి మీ బావగారి మోజు వింతగా అనిపించదు. కానీ నాకు గుర్తుండిపోయింది మరొకటి. ఒక పెద్దాయన ఆరు సిలిండర్ల సాదా మస్టాంగ్ పక్కన మడత కుర్చీ వేసుకొని కూర్చున్నారు. ఆ రకం బండ్లలో చాలామంది పెద్ద ఇంజన్ పెట్టించుకుంటారు. మీరెందుకు పెట్టించలేదని అడిగితే, అది తమ అమ్మగారు బడికీ బజారుకూ నడిపిన బండి అని, ఆవిడకు అంత వేగంతో పని లేదని అన్నారు. మజిల్ కార్లు పుట్టిన ఊళ్లోనే ఒకాయనకు ఆ సోకు అక్కర్లేకపోయింది. దేవరకొండలో మీకు ఎందుకండీ?

జవాబు: గడియారం సెంటర్, నల్లగొండ

జ్ఞాపకాల సంగతి మీరే తేల్చుకోండి, నేను కాగితాల సంగతి చెబుతాను. ఆర్‌సీలో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ఒప్పుకోదు. ఇంజన్ మార్చాలంటే రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి కావాలి, రంగు మారినా ఆర్‌సీలో ఎక్కించాలి. 15 ఏళ్లు దాటిన కారుకు అయిదేళ్లకొకసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలి, హరిత పన్ను కట్టాలి. వింటేజ్ కింద చూపించుకోవచ్చునని ఎవరైనా చెబితే నమ్మకండి. 2021 నాటి నిబంధనల ప్రకారం బండికి 50 ఏళ్లు నిండాలి. అంటే మొట్టమొదటి కాంటెస్సాకు కూడా 2034 దాకా ఆ యోగం లేదు. ఇంతకీ ఆర్‌సీ ఇంకా మీ నాన్నగారి పేరు మీదే ఉన్నదా? ఉంటే ఫారం 31తో ముందు దాన్ని వారసుల పేరుకు మార్పించుకోండి. మిగతావన్నీ ఆ తరువాతే.

ప్రశ్న వేసినవారు: సాగర్ రోడ్డు, దేవరకొండ

అందరికీ కృతజ్ఞతలు. ఆర్‌సీ బాపు పేరు మీదే ఉంది, ఈ వారం ఆ పని మొదలుపెడతాను. డిక్కీ మీద 1.8 జీఎల్ అనే అక్షరాలు ఉన్నాయి కాబట్టి ఇంజన్ మార్చే ఆలోచన మానుకున్నాము. మీ జవాబులన్నీ బావకు చదివి వినిపిస్తే అన్నిటికీ తల ఊపి, చివరికి ఆ రెండు పట్టీలైనా స్టిక్కరుగా అంటించుకోవచ్చేమో కనుక్కోమన్నాడు.

జవాబు: పాత పానా, జడ్చర్ల

మీది కంపెనీ పెయింటే అయితే వద్దని చెప్పండి. మన ఎండలకు ఆ జిగురు కాలి, తీసేటప్పుడు రంగును కూడా పొరలు పొరలుగా ఊడదీస్తుంది, పైగా పట్టీలు ఉన్నంత మేర ఒక రంగు, మిగతా చోట మరో రంగు తేలుతుంది. బావగారు సగం ఖర్చు పెడతానన్నారు కదా, ఆ డబ్బుతో నాలుగు మంచి టైర్లు వేయించండి.