పాత పిక్చర్ ట్యూబ్ టీవీ: కండెన్సర్లన్నీ ఒకేసారి మార్చాలా, చెడినవే మార్చాలా?

గీతపట్టీ:
ఇంట్లోవాళ్లు చూసే 21 అంగుళాల కలర్ సెట్టు. తెర పైన రెండు వేళ్ల మేర బొమ్మ మడత పడుతోంది, సెట్టు వేడెక్కాక కాస్త తగ్గుతోంది. వర్టికల్ ఐసీ (బొమ్మను పైనుంచి కిందికి గీయించే చిప్పు) ఎల్ఏ7840. బోర్డు మీద ఎలక్ట్రోలిటిక్ (లోపల తడి ద్రావకం ఉండే) కండెన్సర్లు 40 దాకా ఉన్నాయి. ఎలాగూ విప్పాం కదా, అన్నీ మార్చేస్తే పోలేదా?

టంకంకడ్డీ:
వద్దు. వేడెక్కితే తగ్గుతోందంటే ఎండిన కండెన్సరు తన పేరు తనే చెప్పినట్టు. వేడికి దాని ఈఎస్ఆర్ (లోపలి నిరోధం) దిగుతుంది, అందుకే కాసేపు బాగుంటుంది.

పై మడతకు మొదటి అనుమానం ఐసీ పక్కనున్న బూస్ట్ కండెన్సరు మీదే. సాధారణంగా 100 మైక్రోఫారడ్, 35 వోల్టులు. గీత (తెర మీద బొమ్మ గీసే ఎలక్ట్రాన్ పుంజం) కిందినుంచి మళ్లీ పైకి ఎగరడానికి 24 వోల్టుల సప్లై చాలదు. ఆ కాసేపు దాన్ని దాదాపు రెట్టింపు చేసేది ఇదే. ఇది ఎండితే గీత వేళకు పైకి చేరదు, మొదటి లైన్లు ఒకదానిమీద ఒకటి పడతాయి. అదే విలువలో 50 వోల్టులది, 105 డిగ్రీల వేడి తట్టేది వేయండి. పనిలో పనిగా ఐసీ కాళ్లకు పాత టంకం తీసి కొత్తది పెట్టండి, అక్కడ డ్రై సోల్డర్ (పట్టు వదిలిన అతుకు) మామూలే.

40 మారిస్తే 80 అతుకులు. ఈ పేపర్ ఫినాలిక్ బోర్డులో నాలుగు సెకన్లు ఎక్కువ వేడి పెడితే రాగి ట్రాకు లేచొస్తుంది. ఒక్కటి ప్లస్ మైనస్ తిరగబడినా కొత్త జబ్బు. అప్పుడు దాన్ని ఎక్కడ వెతుకుతారు?

మైక్రోఫారడ్:
ఇంట్లోవాళ్ల సెట్టు కాబట్టే అన్నీ మార్చమంటాను. మీటరు పట్టుకుని రోజూ పక్కన ఎవరూ కూర్చోరు. పవర్ సప్లై ప్రైమరీలో (మెయిన్స్ కరెంటు వైపు) చిన్న కండెన్సరు ఒకటుంటుంది, చాలా సెట్లలో 10 నుంచి 47 మైక్రోఫారడ్ మధ్య. ప్రైమరీ వైపు చుట్టనుంచే వోల్టేజీ చూసుకునే సర్క్యూట్లలో అది ఎండితే, అవుట్‌పుట్ తక్కువుందనుకుని సప్లై ఇంకా పెంచుతుంది. 110 వోల్టులు ఉండాల్సిన బీ ప్లస్ (సెట్టును నడిపే ప్రధాన డీసీ వోల్టేజీ) 140 దాటుతుంది, హారిజాంటల్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టరు (బొమ్మను అడ్డంగా గీయించేది) షార్టవుతుంది. దాంతోపాటే ఈహెచ్‌టీ (పిక్చర్ ట్యూబుకు వెళ్లే వేల వోల్టులు) కూడా పెరుగుతుంది. మడత పోయిందని మూత బిగించేస్తే ఇది కనబడదు.

టంకంకడ్డీ:
ఆ ఒక్కదాని విషయంలో మీతో పేచీ లేదు, అది తప్పకుండా మార్చాలి. దానికోసం మిగతా 38 ఎందుకు? ఈఎస్ఆర్ మీటరు ఉంటే బోర్డు మీదే కొలవొచ్చు. 100 మైక్రోఫారడ్ కండెన్సరుకు ఒక ఓమ్ లోపుంటే బాగున్నట్టే, అయిదు దాటితే తీసేయండి.

మైక్రోఫారడ్:
పక్కన ఇంకో మంచి కండెన్సరు పారలల్‌గా ఉంటే చెడ్డది దాని చాటున దాక్కుంటుంది. లీకేజీ ఆ మీటరుకు అసలే తెలియదు.

625లైన్లు:
మీ వాదన సరే, డిశ్చార్జి సంగతి ఎవరూ ఎత్తలేదేం? ప్లగ్గు పీకాక కూడా ట్యూబులో 25 కిలోవోల్టుల దాకా నిలిచి ఉండొచ్చు. పలచని స్క్రూడ్రైవరు కమ్మీకి వైరు కట్టి, రెండో కొసను ట్యూబు వెనక నల్లపూత మీద సాగే అల్లిక తీగకే తగిలించండి, బోర్డు గ్రౌండుకు కాదు. రెండో చెయ్యి దూరంగా పెట్టుకుని, ట్యూబుకు ఈహెచ్‌టీ తీగ తగిలేచోటి రబ్బరు టోపీ కిందికి కమ్మీ జరపండి. కొన్ని నిమిషాలాగి మళ్లీ చేయాలి, ఎందుకంటే ట్యూబు గాజులో దాగిన చార్జి తిరిగి పైకొస్తుంది. తర్వాత 400 వోల్టుల పెద్ద ఫిల్టర్ కండెన్సరు. 230 సరఫరాలో దానిమీద 325 వోల్టులు ఉంటాయి. 2.2 కిలో ఓమ్, 10 వాట్ల రెసిస్టరుతో అయిదు సెకన్లు పట్టి, మీటరుతో సున్నా చూశాకే వేలు పెట్టండి. సీరీస్ బల్బు (సెట్టుకు కరెంటు వచ్చే తీగలో వరసగా కలిపే మామూలు బల్బు) షార్టునుంచి సెట్టును కాపాడుతుంది, షాకునుంచి మిమ్మల్ని కాపాడదు.

ఇంకోటి. అన్నీ మార్చే ఊపులో కొందరు హారిజాంటల్ ట్రాన్సిస్టరు దగ్గరి 1600 వోల్టుల ఫిల్మ్ కండెన్సరును కూడా చేతికి దొరికినదానితో మారుస్తారు. దాని విలువ తగ్గితే పల్సు ఎత్తు పెరుగుతుంది, ట్రాన్సిస్టరు క్షణంలో పోతుంది.

మైక్రోఫారడ్:
ఫిల్మువి ముట్టుకోమని నేననలేదు. సరే, అన్నీ ఒకే ఊపులో వద్దు. సప్లై, వర్టికల్, హారిజాంటల్ డ్రైవరు, ఇలా గుంపులుగా మార్చి, గుంపు గుంపుకూ సీరీస్ బల్బుతో వెలిగించి బీ ప్లస్ చూసుకోండి.

టంకంకడ్డీ:
100 వాట్ల బల్బుతో కొన్ని సెట్లు స్టార్టే కావు, చెడిపోయిందని కంగారుపడొద్దు. డీగాసింగ్ కాయిల్ (ట్యూబుకు పట్టిన అయస్కాంతత్వం పోగొట్టే చుట్ట) ప్లగ్గు తీసి చూడండి. బీ ప్లస్ కొలిచేటప్పుడు మీటరు నల్లతీగ సెకండరీ (సప్లై ట్రాన్స్‌ఫార్మరు అవతలి వైపు) గ్రౌండుకే, ప్రైమరీకి కాదు. పెద్ద ఫిల్టరు జోలికి మాత్రం ఇప్పుడు పోనక్కర్లేదు. బొమ్మ అంచులు వంకర్లు పోతేనో, అడ్డంగా రెండు పట్టీలు పాకితేనో అప్పుడు చూసుకోవచ్చు.

గీతపట్టీ:
అయితే బూస్టు, ప్రైమరీ చిన్నది, వర్టికల్ సప్లై ఫిల్టరు (ఐసీ 24 వోల్టులది), ఈ మూడూ ముందు. మడత పోయాక కూడా బొమ్మ ఎత్తు ఎక్కువుంటే?

625లైన్లు:
కండెన్సరు చెడినప్పుడు ఎవరో ఎత్తు ప్రీసెట్ (బోర్డు మీది చిన్న సర్దుబాటు స్క్రూ) తిప్పి ఉంటారు. తెర మీద గుండ్రటి బొమ్మ పెట్టి, అది గుండ్రంగా వచ్చేదాకా వెనక్కి తిప్పండి. ప్లాస్టిక్ కొనతో, వెలిగున్న సెట్టులో స్టీలుది వద్దు.