క్యూరేటర్: కాపరియా, కూర్పరియా?

ఒక ఛాయాచిత్ర ప్రదర్శన ఆహ్వానపత్రాన్ని సరిచూడమని ఈ మధ్య నాకు పంపారు. ఆంగ్ల ప్రతిలో 'క్యూరేటెడ్ బై' అని ఉన్నచోట తెలుగు ప్రతిలో 'నయం చేసినవారు' అని అచ్చయి ఉంది, దాని కింద ఒక పెద్దావిడ పేరు. అనువదించింది మనిషో యంత్రమో నేను అడగలేదు. నవ్వుతూనే ఆ మాట కొట్టివేశాను కానీ, బదులుగా ఏం రాయాలో చాలాసేపు తోచలేదు. ప్రదర్శనశాలలోని వస్తువులను కాపాడి, ఎంచి అమర్చే క్యూరేటర్‌కు తెలుగు మాట కావాలని అడిగిన మిత్రులకు ఆ తడబాటులోంచే జవాబు రాస్తున్నాను.

ఆ పొరపాటుకు కొంత ఆధారం లేకపోలేదు. లాటిన్‌లో 'కూరా' అంటే శ్రద్ధ, పట్టింపు, చింత. వైద్యానికి సంబంధించిన 'క్యూర్', ప్రదర్శనశాలలోని 'క్యూరేటర్', ఆయన చేతికింద ఉండే 'క్యూరియో' (అరుదైన వింత వస్తువు) మూడూ ఆ మూలంలోంచి వచ్చినవే. 'క్యూర్' అనే మాటకు మొదట ఆలనాపాలన అనే అర్థమే ఉండేది, రోగం కుదర్చడం తరువాత చేరింది. 'యాక్యురేట్' అంటే శ్రద్ధ పెట్టి చేసినది. 'సెక్యూర్' మరీ ముచ్చటైనది: 'సె' అంటే లేకుండా, 'కూరా' అంటే చింత, కనుక అది అచ్చంగా మన 'నిశ్చింత'. బాణాలకు పూసే 'కురారే' విషానికి మాత్రం ఈ కుటుంబంతో చుట్టరికం లేదు, అది దక్షిణ అమెరికా ఆదివాసుల భాషలనుంచి వచ్చిన పేరు.

రోమనులకు క్యూరేటర్ ఒక అధికారి. నగరానికి నీళ్ళు తెచ్చే కాలువల బాధ్యతను క్రీ.శ. 97లో ఫ్రాంటినస్‌కు అప్పగించినప్పుడు ఆయన హోదా 'నీళ్ళ క్యూరేటర్'. వారి న్యాయశాస్త్రంలో ఇరవై అయిదేళ్ళు నిండని యువకుల ఆస్తినీ, మతి చలించినవారి ఆస్తినీ, దుబారా చేసేవారి ఆస్తినీ కనిపెట్టి ఉండేవారిని కూడా ఆ పేరుతోనే పిలిచేవారు. అంటే తనది కానిదానికి తాను పూచీ పడే మనిషి అన్నమాట. క్రైస్తవ మఠాధికారుల భాషలో ఇదే ధాతువు ఆత్మల ఆలనాపాలనకు మారి, ఆంగ్లంలో చర్చి గురువుకు సహాయకుడైన 'క్యూరెట్' అయింది. ఆ నామవాచకాన్ని మొదటి అక్షరం ఊని, చివర తేల్చి పలుకుతారు, క్రియను 'క్యూరేట్' అని సాగదీసి పలుకుతారు, రాతలో మాత్రం రెంటికీ తేడా లేదు. 1662లో లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీ, శాస్త్రవేత్త రాబర్ట్ హుక్‌ను 'ప్రయోగాల క్యూరేటర్'గా నియమించుకున్నది, సమావేశాలకు ప్రయోగాలు సిద్ధం చేసి చూపడం ఆయన పని.

మన పత్రికల్లో ఈ మాట మూడు చోట్ల తరచుగా కనిపిస్తుంది: జూ క్యూరేటర్, పిచ్ క్యూరేటర్, మ్యూజియం క్యూరేటర్. క్రికెట్లో ఇది భారతదేశమూ ఆస్ట్రేలియా వాడే పేరు, ఇంగ్లండులో అదే మనిషిని 'గ్రౌండ్స్‌మన్' అంటారు. పిచ్‌కు ఎప్పుడు నీళ్ళు పెట్టాలో, ఎంతసేపు రోలర్ తిప్పాలో, గడ్డి ఎంత ఎత్తు ఉంచాలో చూసుకునే ఈయనా, పులికి ఒంట్లో బాగులేకపోతే సమాధానం చెప్పవలసిన ఆయనా ఇద్దరూ రోమనుల అర్థంలోనే క్యూరేటర్లు. తాళపత్రాలు పెళుసుబారకుండా, పురుగు పట్టకుండా నిమ్మగడ్డి నూనె రాయించేవారూ, పాత వస్త్రాల మీద 50 లక్స్‌కు (లక్స్ అంటే వెలుతురు కొలత) మించిన వెలుతురు పడకుండా దీపాలు అమర్పించేవారూ అంతే.

చిక్కంతా క్రియతో వచ్చింది. 'ఎడిటర్' నుంచి 'ఎడిట్' పుట్టినట్టు 'క్యూరేటర్' నుంచి వెనక్కు నడిచి 'క్యూరేట్' పుట్టింది, పుట్టాక కాపలా పనిని వదిలేసి ఎంపిక పనిని పట్టుకుంది. ఇప్పుడు పాటల జాబితానూ క్యూరేట్ చేస్తారు, విందు భోజనాన్నీ క్యూరేట్ చేస్తారు. (నాలుగు లంకెలు ఒకచోట అతికించి క్యూరేట్ చేశామనడం నాకు కొంచెం ఎక్కువగానే అనిపిస్తుంది.) అయితే ఈ ఎంపిక కూడా ప్రదర్శనశాలల పనిలో మొదటినుంచీ ఉన్నదే. మూడవ సాలార్‌జంగ్ 1949లో కన్నుమూశాక, ఆయన భవనాల్లో చెల్లాచెదురుగా ఉన్న కళాఖండాలను ఒక ప్రదర్శనశాలగా అమర్చే పని కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్‌కు అప్పగించారు. మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలతో ముడిపడిన కజిన్స్ ఈయనే. 1951 డిసెంబరు 16న హైదరాబాదులోని ఆయన భవనం దివాన్ దేవిడిలో తలుపులు తెరిచేనాటికి జరిగినది కాపలా కాదు, కూర్పు.

కనుక ఒకే తెలుగు మాట రెండు పనులూ చేయాలని పట్టుబట్టడం వల్లనే మనం తిప్పలు పడుతున్నామని నా అభిప్రాయం. ఒకరు సూచించిన 'సంగ్రహాధ్యక్షుడు' హిందీలో ఉన్నదే, కౌటిల్యుని అర్థశాస్త్రంలో శాఖాధికారుల పనులు చెప్పే 'అధ్యక్షప్రచారం' నాటి అర్థంలో సరైనదే. కానీ నేటి పాఠకునికి అధ్యక్షుడంటే మెడలో దండతో వేదిక మీద కూర్చున్న మనిషి గుర్తుకు వస్తాడు. 'నిర్వాహకుడు' కుర్చీలు వేయించేవారికీ సరిపోతుంది. 'సంరక్షకుడు' మొదటి అర్థానికి బాగుంది కానీ, బడి దరఖాస్తులో తండ్రి లేని పిల్లవాని పక్కన రాసే మాట కూడా అదే, పైగా స్త్రీ అయితే 'సంరక్షకురాలు' అని మార్చుకోవాలి. నేర్పరి, తీర్పరి అన్నట్టు 'కాపరి', 'కూర్పరి' అంటే ఆ బాధ లేదు, స్త్రీపురుషులకు ఇద్దరికీ చెల్లుతాయి. గొర్రెల మందతోపాటు చర్చిలోని సంఘానికీ కాపరి ఉన్నప్పుడు చిత్రపటాలకు ఎందుకు ఉండకూడదు?

'కూరా'కూ 'కూర్పు'కూ ధ్వని కలిసింది కదా అని చుట్టరికం కలపకండి. చేరు–చేర్చు, మారు–మార్చు లాగా కూడు–కూర్చు మన సొంత జంట. దండ కట్టే మనిషి వాడిన పువ్వు పక్కన పడేసి, కాడ పొడవు చూసుకుని, మల్లెల మధ్య ఎక్కడ మరువం పెట్టాలో ఎంచుకుంటుంది, 'ఏర్చి కూర్చడం' అంటే అదే.

ఉద్యోగం పేరుగా క్యూరేటర్‌ను అలాగే ఉంచుకోవడానికి నాకు అభ్యంతరం లేదు, కలెక్టరును ఉంచుకోలేదా? క్రియకు మాత్రం తెలుగు మాట వాడవలసిందే. ఆహ్వానపత్రంలో చివరకు 'చిత్రాలను ఏర్చి కూర్చినవారు' అని రాసి పంపాను. లోపలి పేజీలోని 'క్యూరేటోరియల్ నోట్'ను 'కూర్పరి మాట' అన్నాను. ముద్రించేవారు ఫోన్ చేసి, అది 'కూర్పరి'యా 'కూర్పు'నా, అచ్చుతప్పేమైనా ఉందా అని అడిగారు.