ఇద్దరమే యూరప్ పోవాలనుకుంటున్నం, తక్కువ ఖర్చుతోని ఎట్ల?

పాలమూరు అక్క:
అందరికీ నమస్తే. మాది మహబూబ్‌నగర్. మా సార్ సోషల్ టీచర్‌గా చేసి మొన్ననే రిటైరయిండ్రు. సర్వీసంతా పిల్లలకు రోమ్ సామ్రాజ్యం పాఠం చెప్పిన మనిషి. ఒక్కసారన్న కొలోసియం ముందర నిలబడాలని ఆయన కోరిక. నాకేమో మంచుకొండలు చూడాలనుంది. హైదరాబాద్‌ల టూర్ల వాళ్లను అడిగితే పది రోజులల్ల ఏడు దేశాలు అంటున్నరు. వాళ్లు చెప్పే రేటు మా చేతుల ఉన్నదానికి మించిపోతున్నది. సార్ శాకాహారి. ఇంగ్లీషు ఇద్దరికీ పని నడిచేటంత వస్తది. సెప్టెంబర్‌ల సొంతంగ పోయి రాగలమా? పోయొచ్చినోళ్లు చెప్పుండ్రి.

గడియారం సెంటర్, నల్లగొండ:
అక్కా, బరాబర్ పోగలరు. మేం ఆలుమగలం ఇద్దరమే పోయొచ్చినం. ముందుగాల ఆ ఏడు దేశాల లెక్క పక్కన పెట్టుండ్రి. పైసలు కరిగేది తిండికాడ కాదు, ఊరు మారినప్పుడల్లా. టికెట్టు, స్టేషన్ నుంచి హోటల్‌కు బండి, సామాన్లు సర్దుడుకు సగం పూట. అదే ఒక్క ఊర్ల నాలుగైదు రాత్రులు ఉంటే వంటగది ఉన్న గది తీసుకోవచ్చు, సిటీ బస్సులకు, మెట్రోకు కలిపి ఒక్క పాస్ సరిపోతది.

మేం ఆస్ట్రియా రాజధాని వియన్నాల మకాం పెట్టి తిరిగినం. అక్కడికెంచి స్లొవేకియా రాజధాని బ్రాటిస్లావా రైల్ల గంట ప్రయాణం. పొద్దున పోయి డాన్యూబ్ ఒడ్డున కోట చూసుకొని రాత్రికి మళ్ల వియన్నాకు వచ్చి పండొచ్చు. హోటల్ మారకుంటనే ఇంకో దేశం చూసినట్టయితది. బుడాపెస్ట్ రెండున్నర గంటలు, ప్రాగ్ నాలుగు గంటలు. కాకపోతే ఆ రెండు ఊర్లల్ల యూరోలు కాదు, హంగరీల ఫోరింట్లు, చెక్‌ల కొరునాలు. కార్డు గీకినప్పుడు మిషన్ 'రూపాయలల్ల కట్టుకోవాల్నా' అని అడిగితే వద్దని, అక్కడి కరెన్సీనే నొక్కుండ్రి. రూపాయలు నొక్కితే వాళ్ల రేటు వేస్తరు, మనకు నష్టం.

రైలు టికెట్లు ఆ దేశాల రైల్వే సైట్లల్ల ముందుగాలనే కొంటే చానా తక్కువకు వస్తయి. ఒక్క పాస్‌తోనే చానా దేశాల రైళ్లు ఎక్కే యూరేల్ పాస్ అని అందరు చెప్తరు గని, మూడు నాలుగు ప్రయాణాలకు అది గిట్టదు. ఫ్రాన్స్, ఇటలీ స్పీడు రైళ్లల్ల పాస్ ఉన్నా సీటుకు వేరే పైసలు కట్టాలె.

ఇగ మంచుకొండలు. స్విట్జర్లాండ్‌ల యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ గొప్పదే, 3,454 మీటర్ల ఎత్తుల రైలు స్టేషన్, యూరప్‌ల అంతకంటె ఎత్తున ఇంకోటి లేదు. కింద ఇంటర్‌లాకెన్ నుంచి పోను రాను పూర్తి టికెట్టు మనిషికి 200 ఫ్రాంకులు దాటుతది. ఆల్ప్స్ కొండలు ఆస్ట్రియాల గూడ ఉన్నయి కదా. ఇన్స్‌బ్రుక్ ఊరంతా కొండల నడుమనే ఉంటది, ఊరి నడిమికెంచే కొండ రైలు, తర్వాత కేబుల్ కార్లు ఎక్కి నార్డ్‌కెట్టె కొండ మీదికి పోవచ్చు. సెప్టెంబర్‌ల గూడ మంచు మీద కాలు పెట్టాలంటే అక్కడికెంచి స్టూబాయ్ హిమానీనదానికి బస్సుల పోవచ్చు. అక్కడ మంచు ఏడాదంతా ఉంటది. తిండి, గది రెండూ స్విట్జర్లాండ్ కంటె చవక.

వనపర్తి చెల్లె:
వీసా సంగతి నేను చెప్త. మా అమ్మానాన్నల ఫైలు నేనే తయారు చేసిన. షెంగెన్ వీసా ఒక్కటుంటే 29 దేశాలు తిరగొచ్చు, ఇంగ్లండ్, ఐర్లండ్ అందుల రావు. ఏ దేశంల ఎక్కువ రాత్రులు ఉంటరో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలె. సమానంగ ఉంటే ముందుగాల అడుగుపెట్టే దేశానికి. 'ఫలానా దేశంది జల్ది వస్తదంట' అని ఎవరన్న చెప్తే వినకుండ్రి, హోటల్ బుకింగులు చూస్తే వాళ్లకు తెలిసిపోతది.

ఫీజు పెద్దలకు 90 యూరోలు, 2024 జూన్‌ల పెరిగింది. సర్వీస్ చార్జీ వేరే. వీసా రాకపోయినా ఫీజు వాపస్ రాదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టొచ్చు, కనీసం 15 రోజుల ముందన్న పెట్టాలె. గని ఎండకాలంల హైదరాబాద్ వీసా సెంటర్ల అపాయింట్‌మెంట్ దొరుకుడే కష్టం, సెప్టెంబర్ అంటే మే నెలలనే చూసుకోండి. వేలిముద్రలు అక్కడనే ఇయ్యాలె. కనీసం 30,000 యూరోల ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి.

రిటైరైనోళ్లకు జీతం స్లిప్పులు ఉండయి కాబట్టి పెన్షన్ ఆర్డర్, పెన్షన్ పడే ఖాతా స్టేట్‌మెంట్ పెట్టుండ్రి. మా నాన్నవి పొలం పట్టాదార్ పాస్‌బుక్ గూడ ఇంగ్లీషులకు మార్పించి పెట్టినం. తిరిగొస్తరని నమ్మకం కలగాలె, అదే ముఖ్యం.

సూర్యాపేట నుంచి:
నా మాట కొంచెం వేరే. మా అమ్మానాన్నలను నేను ప్యాకేజీల తీస్కపోయిన. నాన్నకు మోకాళ్ల నొప్పులు. సొంతంగ పోతే మెట్రో మెట్లు, రాళ్లు పరిచిన వీధులల్ల సూట్‌కేసు గుంజుడు ఆయనతోని కాదు. బస్సు హోటల్ ముందరికే వస్తది, రాత్రికి అన్నం పప్పు దొరుకుతది. కాకపోతే హోటళ్లు ఊరికి దూరంగ ఉంటయి, ఏ ఊర్ల గూడ సాయంత్రం పూట ఊరికే తిరిగే టైం ఉండదు. నడవగలిగినోళ్లు సొంతంగ పోతేనే మంచిది, నడక కష్టమైతే ప్యాకేజీని తీసిపారెయ్యొద్దు.

హాలియా టు హాంబర్గ్:
నేను ఇక్కడ జర్మనీల చదువుకుంటున్న అక్కా. తిండికి భయపడకుండ్రి. లిడిల్, ఆల్డి అసొంటి దుకాణాలల్ల బియ్యం, పెరుగు, కూరగాయలు, రొట్టె అన్నీ దొరుకుతయి. జర్మనీ, ఆస్ట్రియాలల్ల ఆదివారం దుకాణాలు బందుంటయి, శనివారమే కొనిపెట్టుకోవాలె. నీళ్లు కొనకుండ్రి. వియన్నా నల్లా నీళ్లు ఆల్ప్స్ ఊటలకెంచి వచ్చేవి, రోమ్‌ల వీధి వీధికి తాగునీళ్ల పంపులు ఉంటయి. జర్మనీల సీసా కొంటే దాని మీద 25 సెంట్ల డిపాజిట్ ఉంటది, ఖాళీ సీసా దుకాణం మిషన్ల వేస్తే ఆ పైసలు వాపస్ వస్తయి.

ఇంటికెంచి తెచ్చుకునేటప్పుడు ఒక్క సంగతి యాదుంచుకోండి. మాంసం, పాలతోని చేసినవి బయటి దేశాలకెంచి తేనియ్యరు. అంటే నెయ్యి, పాలకోవా, మటన్ పచ్చడి వద్దు. మామిడికాయ తొక్కు, పల్లిపొడి, సకినాలు తెచ్చుకోవచ్చు. తొక్కు చెక్‌ఇన్ సామాన్లనే పెట్టుండ్రి.

ఇంకోటి, వియన్నా, ప్రాగ్, బుడాపెస్ట్ మెట్రోలల్ల చానా స్టేషన్లకు గేట్లు ఉండయి. గేటు లేదని ఊకోవద్దు, కాయితం టికెట్టును మిషన్ల పెట్టి ముద్ర వేయించాలె. చెకింగోళ్లు మామూలు బట్టలల్లనే వస్తరు, జరిమానా గట్టిగ ఉంటది.

పాలమూరు అక్క:
అందరికీ చానా థాంక్స్. మా సార్ గూడ చదివిండ్రు. స్విట్జర్లాండ్, పారిస్ రెండూ ఈసారికి వదిలేసినం. వియన్నా, నడుమ ఒక రోజు బ్రాటిస్లావా, తర్వాత ఇన్స్‌బ్రుక్, ఆఖరికి రోమ్. ఇట్ల ఒక ఊర్ల దిగి ఇంకో ఊరికెంచి తిరిగొచ్చే టికెట్టు దొరుకుతదా? నెల మొదటి ఆదివారం కొలోసియం ఫ్రీ అని ఎవరో చెప్పిండ్రు, ఆ రోజే పోవాల్నా?

గడియారం సెంటర్, నల్లగొండ:
దొరుకుతది అక్కా. సైట్ల 'మల్టీ సిటీ' అని ఉంటది, శంషాబాద్ నుంచి వియన్నా, రోమ్ నుంచి శంషాబాద్ అని వేసి చూడుండ్రి. వెనక్కి తిరిగొచ్చే రైలు ఖర్చు తప్పుతది. ఇన్స్‌బ్రుక్ నుంచి ఇటలీకి పగటి రైలే ఎక్కుండ్రి, బ్రెన్నర్ కనుమల నుంచి పోతది, ఆ దారంతా కిటికీలకెంచి చూసుకుంట పోవచ్చు.

ఫ్రీ ఆదివారం నాడు మాత్రం కొలోసియం పోకుండ్రి. ఆ రోజు లైన్లు చానా పెద్దగుంటయి. సార్ ఇన్నేండ్లు ఎదురుచూసింది దాని కోసమే, వేరే రోజు పొద్దుగాల మనిషికి 18 యూరోలు పెట్టి టికెట్టు తీసుకోండి, దాంట్లనే పక్కనున్న పాత రోమ్ శిథిలాలు ఫోరమ్, పాలటైన్ కొండ గూడ వస్తయి. టికెట్టు మీద పేరుంటది, పాస్‌పోర్టు వెంట పెట్టుకోండి. ఆ ఫ్రీ ఆదివారం మీరు రోమ్‌లనే ఉంటే ఓస్టియా ఆంటికా పోండి. పాత రోమ్ రేవు పట్నం, లోకల్ రైల్ల అరగంట. వీధులు, స్నానశాలలు, నాటకశాల అన్నీ నడుచుకుంట చూడొచ్చు, సోషల్ సార్‌కు కొలోసియం కంటె అదే ఎక్కువ నచ్చినా నచ్చుతది. సెయింట్ పీటర్స్ చర్చికి ఏ రోజైనా టికెట్టు లేదు, భుజాలు, మోకాళ్లు కప్పేటట్టు బట్టలుంటే చాలు.

హాలియా టు హాంబర్గ్:
చార్జర్ల సంగతి మరిచిన. మన సన్న రెండు పిన్నుల చార్జర్ ఇక్కడ సరిపోతది, మూడు పిన్నులది పట్టదు. రైస్ కుక్కర్ తెచ్చుకునేటట్టుంటే అడాప్టర్ హైదరాబాద్‌లనే కొనుండ్రి, ఇక్కడ రేటు ఎక్కువ.