బయటంతా తిరిగొచ్చి కాళ్లపట్టా మీదే పోస్తోంది – 10 వారాల కుక్కపిల్ల

తోకచుక్క
ఆడపిల్ల, వయసు 10 వారాలు. రోజుకి ఆరుసార్లు బయటికి తీసుకెళ్తున్నా, అరగంట సేపు వాసనలు చూస్తూ తిరిగి, లోపలికి రాగానే గుమ్మం దగ్గరి కాళ్లపట్టా మీద పోసేస్తోంది. రెంటికి మాత్రం దాదాపు బయటే. ఎక్కడ తప్పుతోంది?

గడపదాటు
ఆరుసార్లు చాలవండీ. ఈ వయసులో మెలకువగా ఉన్నంతసేపూ 45 నిమిషాలకోసారి తీసుకెళ్లాలి. అది కాక నిద్ర లేవగానే, తిన్న 10–20 నిమిషాలకి, నీళ్లు తాగిన కాసేపటికి, ఆట మధ్యలో. ఆట అయ్యాక అనుకుంటే ఆలస్యమైపోతుంది. ఆడుతున్నది ఆగి, ముక్కు నేలకి ఆనించి గుండ్రంగా తిరుగుతోందంటే మీకున్నది కొన్ని సెకన్లే. నిద్ర లేచినప్పుడు నడిపించకండి, ఎత్తుకెళ్లండి. నడిస్తే దారిలోనే అయిపోతుంది.

వయసు నెలల్లో ఎంతో దానికి ఒకటి కలిపి, అన్ని గంటలు ఆపుకోగలదని ఒక లెక్క చెబుతారు. అది కదలకుండా ఉన్నప్పటి గరిష్ఠం. ఆడుకునే పిల్లకి పెడితే ఇల్లంతా తడే.

నిలబడిచూడు
అసలు చిక్కు ఆ అరగంట తిప్పడంలోనే ఉంది. దానికి అది షికారు, పని కాదు. పొట్టి తాడు కట్టి, ఎప్పుడూ ఒకే చోట, 5 నిమిషాలు రాయిలా నిలబడండి. మాటల్లేవు, ఆటల్లేవు. పోసిందా, అప్పుడు షికారు. పోయలేదా, లోపలికి తెచ్చి నేల మీద వదలకండి. క్రేట్‌లోనో (పిల్ల పడుకునే బోను), ఒళ్లోనో, తాడు మీ నడుముకి కట్టుకునో 10–15 నిమిషాలు ఉంచి మళ్లీ అదే చోటికి వెళ్లండి. సాధారణంగా రెండో మూడో విడతకి పని అవుతుంది.

దీనికి తిరగేసిన తప్పు ఇంకోటి ఉంది. పోయగానే లోపలికి లాక్కొచ్చేస్తారు. పోస్తే సరదా అయిపోతుందని అర్థమై, పిల్ల బయట బిగబట్టడం నేర్చుకుంటుంది. బిగబట్టింది ఎక్కడ వదులుతుందో మీ పట్టాని అడగండి.

బహుమతి ముక్క జేబులోనే ఉండాలి. వంటింట్లోకొచ్చి ఇస్తే, లోపలికి వచ్చినందుకు ఇచ్చారనుకుంటుంది. చివరి చుక్క పడ్డాక ఒకటి రెండు సెకన్లలో నోటికి అందాలి. మధ్యలో ‘శభాష్’ అన్నారంటే సగంలో ఆపి మీ దగ్గరికి పరుగెత్తుకొస్తుంది. మిగతా సగం ఇంట్లోనే.

పాతవాసన
ముందు ఆ పట్టా తీసి అటక మీద పెట్టండి. పిల్లలకి కాలికింద తగిలే మెత్తదనం చాలా చిన్నప్పుడే అలవాటవుతుంది. ఇదివరకు గుడ్డ మీదో, ఇంట్లో పోయడానికి పరిచే ప్యాడ్ మీదో పోసే అలవాటుంటే కాళ్లపట్టా, తివాచీ, దుప్పటి అన్నీ దానికి ఒకటే. పిల్ల దారిలో పడేదాకా నేల బోసిగా ఉండనివ్వండి.

పోసినచోట రుద్దకండి, అద్దండి. తరవాత ఎంజైమ్ క్లీనర్ (మూత్రం మరకని, వాసనని విరగ్గొట్టే ద్రవం) ఆ మరకకన్నా వెడల్పుగా పోసి, సీసా మీద రాసినంతసేపు తడిగా వదలాలి. వెంటనే తుడిస్తే ఎంజైమ్‌కి పని చేసే వ్యవధి ఉండదు. ఫినాయిల్ వాసన తగిలేది మనకి, దాని ముక్కుకి అడుగునున్న మూత్రం ఇంకా తెలుస్తూనే ఉంటుంది. పైగా తడినేల నాకితే విషం. బ్లీచింగ్ అసలొద్దు, మూత్రంలోని అమ్మోనియాతో కలిసి ఊపిరితిత్తులకి చేటు చేసే వాయువు పుడుతుంది.

మూలగది
క్రేట్ అన్నారు కాబట్టి: నిలబడి, తిరిగి, కాళ్లు చాపి పడుకునేంతే ఉండాలి. పెద్దదైతే ఒక మూల పోసి ఇంకో మూల పడుకుంటుంది. పెరిగేదాకా మధ్యలో అడ్డు పెట్టండి. క్రేట్‌లోనే తడిపేస్తోందంటే అది మొండితనం కాదు, మీరు ఎక్కువసేపు ఉంచారని.

టీకాకార్డు
10 వారాలకి టీకాల వరస పూర్తి కాదు. చివరి డోసు 16 వారాలకి గానీ ఆ తరవాత గానీ పడుతుంది. కుక్కపిల్లల ప్రాణం తీసే వాంతులు, విరేచనాల జబ్బు తెచ్చే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. ఊళ్లో కుక్కలన్నీ వచ్చే చోట దింపకండి. సొంత పెరడు, లేదంటే బాల్కనీలో మట్టి, గడ్డి పరిచిన ట్రే వాడండి.

గడపదాటు
ట్రే సరే, ప్యాడ్‌తో మాత్రం నాకు పేచీ. ఒకసారి నేర్పి మళ్లీ మాన్పించాలి, అంటే రెండు చదువులు. పైఅంతస్తువాళ్లకి గత్యంతరం లేకపోతే ప్యాడ్‌ని రోజుకి అడుగు చొప్పున తలుపు వైపు జరపండి. ఒక్కసారే మార్చేస్తే పాతచోటికే వెళ్తుంది.

టీకాకార్డు
ఆడపిల్ల కాబట్టి ఇదీ చూడండి. చుక్కచుక్కగా మాటిమాటికీ పోయడం, ముక్కడం, రక్తం చారలు, అదేపనిగా నాక్కోవడం కనిపిస్తే మూత్రనాళ ఇన్‌ఫెక్షన్ కావచ్చు. నిద్రలో కూడా పుట్టినప్పటినుంచీ కారుతూనే ఉంటే నాళం అమరికలోనే లోపం ఉండొచ్చు. రెండిటికీ శిక్షణ పనికిరాదు, డాక్టరు కావాలి. మనిషి వంగి పలకరించగానే చెవులు వెనక్కి వాల్చి కొద్దిగా పోస్తే అది భయభక్తి. పట్టించుకోకుండా పక్కకి తిరిగి కూర్చోండి, తిడితే పెరుగుతుంది.

తోకచుక్క
పట్టా తీసేశాను. తప్పు చేసినప్పుడు ముక్కు అందులో రుద్దమంటున్నారు మా ఇంట్లోవాళ్లు. రాత్రి సంగతేంటి?

నిలబడిచూడు
రుద్దితే నేర్చుకునేది ఒకటే: మనుషులు చూస్తుండగా పోయకూడదు. తరవాత బయట మీ ఎదుట పోయదు, సోఫా వెనక పోస్తుంది. కళ్లెదుట పోస్తుంటే చప్పట్లు ఒకసారి కొట్టి ఎత్తుకెళ్లండి. అయిపోయాక చూస్తే తుడవడం తప్ప చేసేదేమీ లేదు.

రాత్రికి: చివరి తిండి పడుకోవడానికి మూడు గంటల ముందు. నీళ్లు పగలు ఆపకండి, పడుకునే ముందు గంటన్నర రెండు గంటలు తీసేస్తే చాలు. పడుకోబెట్టిన మూడు గంటలకి మోగేలా అలారం పెట్టండి. అది ఏడ్చి లేపితే, ఏడిస్తే తలుపు తెరుచుకుంటుందని నేర్చుకుంటుంది. మీరే ముందు లేవాలి. దీపం వెలిగించకుండా ఎత్తుకెళ్లి, పోయించి, ముద్దులాడకుండా పడుకోబెట్టండి. నాలుగైదు రాత్రులు పొడిగా గడిస్తే అలారం పావుగంట ఆలస్యంగా మోగేలా జరపండి. తడిస్తే మళ్లీ ముందుకి.