వెగోవీ, జెప్‌బౌండ్ మొదలుపెట్టే ముందు: డల్లాస్‌కు కొత్తగా వచ్చిన చెల్లెలి ప్రశ్న, జవాబులు

సూర్యాపేట, ఇప్పుడు డల్లాస్:
అందరికీ నమస్కారం. మేము ఇక్కడికి ఈమధ్యే వచ్చాము. నాకు పీసీఓఎస్ (నెలసరి, అండం విడుదల సరిగా ఉండని హార్మోన్ల సమస్య) ఉంది, పెళ్లయ్యాక బరువు బాగా పెరిగింది. డాక్టరు బరువు తగ్గించే ఇంజెక్షన్లు వెగోవీ గాని జెప్‌బౌండ్ గాని రాస్తానన్నారు. ఇన్సూరెన్స్ ఒప్పుకుంటుందో లేదో తెలియదు. పక్కింటి ఆవిడ ఆన్‌లైన్‌లో అదే మందు సీసాలో చౌకగా దొరుకుతుందని, సిరంజితో మనమే తీసుకోవచ్చని చెబుతున్నారు. మా అమ్మ థైరాయిడ్ మాత్ర వాడుతుంది. ఈ మందు మీద థైరాయిడ్ క్యాన్సర్ హెచ్చరిక చూసి భయమేసింది. ఏం చేయమంటారు?

మిర్యాలగూడ, ఇప్పుడు న్యూజెర్సీ, ఫార్మసిస్టు:
చెల్లెమ్మా, ముందు థైరాయిడ్ సంగతి. మన ఇళ్లలో పొద్దున్నే పరగడుపున వేసుకునే మాత్ర సాధారణంగా థైరాయిడ్ తక్కువగా పనిచేసేవారికి. ఆ హెచ్చరిక దాని గురించి కాదు. ఈ మందులు ఇచ్చిన ఎలుకల్లో థైరాయిడ్‌లోని సి-కణాల కణుతులు కనిపించాయి. మనుషుల్లోనూ వస్తాయో లేదో తేలలేదు. అందుకే మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ అనే అరుదైన రకం మీకు గాని, మీ కుటుంబంలో గాని ఉంటే, లేదా మెన్-2 అనే వంశపారంపర్య సమస్య ఉంటే వీటిని వాడకూడదు.

కాబట్టి ఇంటికి ఫోన్ చేసినప్పుడు "ఎవరికైనా థైరాయిడ్ ఉందా" అని అడిగి వదిలేయకండి. "ఎవరికైనా మెడలో గడ్డ తీశారా, బయాప్సీ కాగితంలో ఏమని ఉంది" అని అడగండి. మన పెద్దవాళ్లు క్యాన్సర్ అన్న మాట నోట రానివ్వరు, "గొంతు దగ్గర చిన్న ఆపరేషన్ అయింది" అని ముగిస్తారు. బీరువాలో ఆ ఫైలు ఉంటే ఫొటో తీసి పంపమనండి.

మీ పక్కింటి ఆవిడ చెప్పిన ఆ సీసా మందు జోలికి మాత్రం వెళ్లవద్దని గట్టిగా చెబుతున్నాను. వెగోవీ ఇంజెక్షన్ వారానికి ఒకటి. 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి నాలుగేసి వారాలకు 0.5, 1, 1.7, 2.4 అలా పెంచుతారు. కడుపు అలవాటు పడాలనే ఆ నిదానం. కంపెనీ ఇచ్చే ఇంజెక్షన్ పెన్నులో మోతాదు ముందే కొలిచి ఉంటుంది. సీసాలో మందు గాఢత ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, డాక్టరు మిల్లీగ్రాముల్లో చెబుతారు, సిరంజి మీద యూనిట్లు ఉంటాయి. ఆ గీతల దగ్గరే లెక్క తప్పుతుంది. కొందరు అనుకున్నదానికి 5 నుంచి 20 రెట్లు ఎక్కువ తీసుకున్నారని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024లో హెచ్చరించింది. వాంతులు ఆగక ఆసుపత్రిలో చేరినవాళ్లున్నారు. ఇన్సూరెన్స్ కాదంటే అప్పీలు చేయమని డాక్టరును అడగండి. తయారీ కంపెనీలే నగదు ధరకు నేరుగా కూడా అమ్ముతున్నాయి, దానికీ ప్రిస్క్రిప్షన్ కావాలి.

వికారం, విరేచనాలు, మలబద్ధకం చాలామందికి వస్తాయి, మోతాదు పెంచిన వారాల్లో ఎక్కువ. తక్కువ తినండి, నూనె తగ్గించండి, నీళ్లు తాగుతూ ఉండండి. కానీ పొట్ట పైభాగంలో విపరీతమైన నొప్పి వచ్చి వీపులోకి పాకితే అది పాంక్రియాస్ (క్లోమ గ్రంథి) వాపు కావచ్చు. కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, జ్వరం, కళ్లు పచ్చబడడం పిత్తాశయంలో రాళ్లకు గుర్తులు. ఇవి కనిపిస్తే, లేదా నీళ్లు కూడా ఇమడకుండా వాంతులైతే, తెల్లారనిమ్మని ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీలు దెబ్బతింటాయి.

మీకు పీసీఓఎస్ ఉంది కాబట్టి ఇంకొక మాట. బరువు తగ్గితే అండం విడుదల మళ్లీ సక్రమం కావచ్చు, అనుకోకుండా గర్భం రావచ్చు. పిల్లల కోసం ప్రయత్నించాలంటే వెగోవీని కనీసం రెండు నెలల ముందే ఆపాలి. జెప్‌బౌండ్ గర్భనిరోధక మాత్రల ప్రభావాన్ని తగ్గించగలదు. మొదలుపెట్టాక నాలుగు వారాలు, మోతాదు పెంచిన ప్రతిసారీ మరో నాలుగు వారాలు కండోమ్ లాంటి వేరే జాగ్రత్త కూడా పాటించాలి. డాక్టరు దగ్గర సిగ్గుపడకుండా ఈ విషయం మాట్లాడండి.

మహబూబ్‌నగర్, ఇప్పుడు హ్యూస్టన్:
అక్క చెప్పినవన్నీ నిజం. నేను జెప్‌బౌండ్ వాడుతున్నాను, మేలు జరిగింది. ఆకలి లేదు కదా అని ఉత్త మజ్జిగతో గడిపితే కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది. పప్పు, గుడ్డు, పెరుగు, చికెన్ ముందు తిని, చోటుంటేనే అన్నం తినండి. బరువులెత్తే వ్యాయామం చేయండి. శనివారాలు ఉపవాసం ఉండే అలవాటుంటే నీళ్లు మాత్రం మానకండి.

ఆపేస్తే ఏమవుతుందో ముందే తెలుసుకోండి. వెగోవీ మందు మీద జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో, ఆపిన ఏడాదికి తగ్గిన బరువులో దాదాపు మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. ఎంతకాలం వాడాలో డాక్టరుతో ఇప్పుడే మాట్లాడండి.

ఎండాకాలంలో ఊరికి వెళ్తే పెన్నులు చేతిసంచిలోనే పెట్టుకోండి, గడ్డకడితే పారేయాల్సిందే. బయట ఉంచితే 30 డిగ్రీలు దాటకూడదు, మన వైపు మే నెలలో 44 డిగ్రీలు చూస్తాం. ఇంటికి చేరగానే ఫ్రిజ్‌లో పెట్టండి. "నాన్నకూ షుగర్ ఉంది, ఒక పెన్ను ఇచ్చి వస్తాను" అనుకోకండి. గ్లిమెపిరైడ్ మాత్రో ఇన్సులినో వాడేవారికి దీంతో షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. 2025 నుంచి మౌంజారో (జెప్‌బౌండ్‌లో ఉన్న మందే, పేరు వేరు), వెగోవీ ఇండియాలోనే దొరుకుతున్నాయి. అక్కడి డాక్టరు చూసి రాయాలి.

సూర్యాపేట, ఇప్పుడు డల్లాస్:
అమ్మతో మాట్లాడాను. పిన్నికి మెడలో గడ్డ తీశారట! నాకు ఇన్నేళ్లూ చెప్పలేదు. కాగితాలు వెతుకుతున్నారు.

మిర్యాలగూడ, ఇప్పుడు న్యూజెర్సీ:
అయితే కాగితం దొరికేదాకా మొదలుపెట్టకండి. అందులో పాపిల్లరీ అని ఉంటే అది వేరే రకం, ఈ హెచ్చరిక దాని గురించి కాదు, అయినా డాక్టరుకు చూపించండి. మెడుల్లరీ అని ఉంటే ఈ రెండు ఇంజెక్షన్లూ మీకు కుదరవు. అప్పుడు పిన్ని జన్యు పరీక్ష చేయించుకున్నారా అని కూడా కనుక్కోండి. అది మీ అమ్మకూ మీకూ అవసరమైన సంగతి. వేరే మందులున్నాయి. ఆర్లిస్టాట్ వాడితే మలంలో నూనె పోతుంది, విటమిన్లు విడిగా వేసుకోవాలి. క్యూసిమియాలో టోపిరమేట్ ఉంది, అది వాడుతూ గర్భం వస్తే బిడ్డకు గ్రహణం మొర్రి వచ్చే ముప్పుంది, కాబట్టి పిల్లల ఆలోచన ఉంటే ముందే చెప్పండి. కాగితం రాగానే ఇక్కడ రాయండి, డాక్టరును ఏమేం అడగాలో కలిసి చూద్దాం.