హైవే 49 ట్రిప్‌లో పిల్లల చేత బంగారం కడిగించడం తప్పా?

ఫ్రీమాంట్_నాన్న: మొన్న శనివారం కాలిఫోర్నియాలో పాత బంగారు గనుల ఊళ్లని కలిపే హైవే 49 మీద ప్లాసర్‌విల్, కొలోమా, ఆబర్న్, గ్రాస్ వ్యాలీ మీదుగా నెవాడా సిటీ దాకా వెళ్లొచ్చాం. ఆబర్న్ దగ్గర అమెరికన్ నది లోయలోకి దిగి ఎక్కే మలుపులకి మా పాపకి రెండుసార్లు వాంతి. కానీ కొలోమాలో తొట్టి దగ్గర ఇసుక కడిగి, మెరిసే తునకలు సీసాలో వేసుకుని అంతా మర్చిపోయింది. ఫొటోలు పెడితే మా తోడల్లుడు "శవాల మీద పిక్నిక్" అన్నాడు. అంత మాట అనాలా?

కొండదారి: మాట కటువే, తప్పు మాత్రం కాదు. 1848 జనవరి 24న జేమ్స్ మార్షల్ కంట బంగారం పడింది కొలోమాలోనే, దాని కోసం జనం ఎగబడ్డారు. అప్పటికి కాలిఫోర్నియాలో మూలవాసులు సుమారు 1,50,000 మంది. పాతికేళ్లు తిరిగేసరికి 30,000. రోగాలు, ఆకలి సరే, వేటాడి కూడా చంపారు. 2019లో గవర్నర్ న్యూసమ్ మూలవాసులకి క్షమాపణ చెప్పింది ఊరికే కాదు.

చాయ్_బిస్కట్: ఏడేళ్ల పిల్లకి ఇదంతా కారులో చెబుతామా సార్? మనం గోల్కొండ వెళ్తే వజ్రాల కథలు చెప్పుకుని వచ్చేస్తాం. ఆ వజ్రాలు తవ్వినవాళ్ల ఊసు ఎవరెత్తారు?

కొండదారి: ఎత్తకపోవడం అక్కడా తప్పే. మనుషుల చావు చెప్పలేకపోతే కొండకైన గాయం చూపించండి. నెవాడా సిటీ దాకా వెళ్లి మాలకాఫ్ డిగ్గిన్స్ అనే పాత బంగారు తవ్వకాల చోటు వదిలేశారే! గొట్టాలతో నీళ్లు చిమ్మి కొండని కోసేశారు. ఆ బురద కొట్టుకొచ్చి కింద రైతుల పొలాలు పూడిపోతే, 1884లో జడ్జి సాయర్ తీర్పుతో గానీ ఆగలేదు. బంగారం పట్టడానికి వాడిన పాదరసం ఇప్పటికీ ఆ నదుల్లో ఉంది. చిక్కేమిటంటే, ఆ కోత ఫొటోలో మహా అందంగా పడుతుంది.

కుప్పం_కుర్రాడు: మా తాత కోలార్ గనుల్లో చేశాడు. 2001లో గని మూతపడింది, ఆయన దగ్గు మాత్రం పోలేదు. గ్రాస్ వ్యాలీ ఎంపైర్ మైన్‌లో అందరూ యజమాని బంగ్లా, గులాబీ తోట దగ్గర సెల్ఫీలు దిగుతున్నారు. 367 మైళ్ల సొరంగాలట. గని నోటి దగ్గర నిలబడి చీకట్లోకి చూస్తుంటే నాకు ఆ దగ్గే గుర్తొచ్చింది. పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లండి, ఏమీ చెప్పక్కర్లేదు. వాళ్లే అడుగుతారు.

ఫ్రీమాంట్_నాన్న: మేమూ గులాబీల దగ్గరే ఆగిపోయాం, నిజం. వచ్చే నెల మాలకాఫ్ ప్లాన్ చేస్తున్నా. వాంతి మాత్రలు నావి, పెట్రోల్ ఖర్చు తోడల్లుడిది.